నికిఫోర్ బాబాయి తుపాకీ మార్చిన ఏడాది

మా ఊళ్లో మగవాళ్లందరికీ ఎలుగంటే భయమే. ఆ మాట పైకి అన్నవాడు మాత్రం నికిఫోర్ బాబాయి ఒక్కడే. అదీ ఒళ్లంతా కుట్లు పడ్డాక, చాలా ఆలస్యంగా అన్నాడు.

నాకు ఆయన నాన్న తరఫున బాబాయి వరస. వేసవిలో అందరిలాగే వలపడవ మీద సాల్మన్ పట్టేవాడు. చలి మొదలయ్యేసరికి అఫోన్యా దగ్గర పనికి వెళ్లేవాడు. బయటినుంచి వచ్చే వేటగాళ్లను మా కొడియాక్ దీవి కొండల్లోకి తీసుకెళ్లే లైసెన్సు అఫోన్యాది. సామాన్లు మోయడం, గుడారం వెయ్యడం, ఎలుగు జాడ తియ్యడం బాబాయి పని. వచ్చినవాడు ఎలుగును సరిగ్గా కాల్చలేకపోతే దాని వెనక పొదల్లోకి వెళ్లడం కూడా ఆయన పనే. అందుకోసం ఆయన దగ్గర తాతలనాటి థర్టీ-ఆట్-సిక్స్ రైఫిల్ ఒకటి ఉండేది. జింకకైనా, సముద్రసింహానికైనా, ఎలుగుకైనా అదొక్కటే.

ఆ అక్టోబరులో వచ్చిన వేటగాడు తొందరపడి ఎలుగు పొట్టలో కాల్చాడు. అది ఆల్డర్ పొదల్లో దూరింది. ఆ పొదల్లో మనిషి నిటారుగా నిలబడలేడు, కొమ్మలన్నీ కొండవాలు వెంట కిందికి పడుకుని పెరుగుతాయి. అఫోన్యా ఒక పక్కనుంచి, బాబాయి ఇంకో పక్కనుంచి లోపలికి వెళ్లారు. బాబాయికి ముందు వాసన తగిలింది. తడిసిన కుక్క వాసనలాంటిదే, ఇంకా ఘాటుగా. ఆ తరవాత కొమ్మలు విరిగిన చప్పుడు. తుపాకీ ఎత్తి కాల్చాడు. రెండో తూటా ఎక్కించడానికి బోల్టు లాగేలోపలే అది మీదపడింది.

ఎడమ భుజాన్ని నోట కరుచుకుని ఊపింది. వదిలి, తల పట్టుకుంది. తన పుర్రె మీద దాని పళ్లు గీసుకుంటున్న చప్పుడు తనకే వినబడిందని చాలా నెలల తరవాత తన భార్య ఉస్తీనియా పిన్నికి చెప్పాడట. అఫోన్యా వచ్చి దాని చెవిలో కాల్చాక గాని అది వదల్లేదు. కోస్టుగార్డు హెలికాప్టర్ వచ్చి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. బతికాడు. నెత్తి మీద జుట్టు ఒక పక్క మాత్రమే మొలిచింది. ఎడమ చెయ్యి భుజం కంటే పైకి లేవడం మానేసింది.

ఆ ఎలుగును ఒలిచింది అఫోన్యానే. బాబాయి పేల్చిన గుండు దాని మెడ పక్కన కండలోనుంచి దూసుకుపోయిందనీ, కంగారులో పక్కకి తగిలిందనీ ఆయనకు తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చిన బాబాయి మాత్రం వేరే మాట పట్టుకున్నాడు.

"గుండు చిన్నదైపోయిందిరా. దానికి చీమ కుట్టినట్టే అయ్యుంటుంది."

"చిన్నదేం కాదు, తగలాల్సిన చోట తగల్లేదు," అన్నాడు అఫోన్యా.

"నువ్వక్కడ లేవు. దాని నోట్లో ఉన్నది నేను."



చలికాలమంతా బాబాయి తూటాల గురించి తప్ప ఇంకొకటి మాట్లాడలేదు. ఉస్తీనియా పిన్ని పిరోక్ రొట్టె కాల్చి, సాల్మన్, అన్నం కూరిన వేడి ముక్క ముందు పెట్టినా అది చల్లారిపోయేదాకా తూటాల పుస్తకంలోంచి తలెత్తేవాడు కాదు. ఏ గుండు ఎంత బరువు, ఎంత వేగం, ఎంత లోతుకు దిగుతుంది అని పైకి చదివేవాడు. వసంతం వచ్చేసరికి పడవకి అదనంగా ఉన్న పాత ఇంజన్ ఇచ్చేసి, ఊరొదిలి పోతున్న ఒకాయన దగ్గర త్రీ-సెవెంటీ-ఫైవ్ మాగ్నమ్ రైఫిల్ తెచ్చుకున్నాడు. ఒక్కో తూటా మగవాడి చూపుడువేలు కంటే పొడుగు.

శనివారం బాన్యా అనే ఆవిరిస్నానపు గదిలో, కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లుకుంటూ ఆవిర్లో కూర్చున్న మగవాళ్లందరికీ అదే కబురు.

"ఏంట్రా నికిఫోరూ, ఫిరంగి కొన్నావంట?"

"ఎలుగుని కాలుస్తావా, కొండనే కూలుస్తావా?"

"కొండ కూలినా పర్లేదు గాని, పేల్చినప్పుడు వెనకాల ఎవరూ నిలబడకండ్రోయ్, వీడొచ్చి మీద పడతాడు."

అఫోన్యా నవ్వలేదు. "అది మంచి తూటానే. అందులో అనుమానం లేదు. ఏనుగుని కూడా పడేస్తుంది. కాని నువ్వెన్నిసార్లు పేల్చావు?"

"చాలాసార్లు."

"భుజం ఎలా ఉంది మరి?"

"బాగుంది," అని బాబాయి బకెట్‌లోంచి ఇంకో చెంబు నీళ్లు తీసి రాళ్ల మీద పోశాడు. ఆవిరి ఉవ్వెత్తున లేచింది. ఎవరి మొహం ఎవరికీ కనబడలేదు. అందుకే పోశాడని పిన్ని అంటుంది.

బాగుందన్నది అబద్ధం. మొదటిసారి పేల్చినప్పుడే అది కుడిభుజాన్ని గాడిదలా తన్నింది. ఎడమచేత్తో గట్టిగా పట్టుకోలేకపోవడంతో తుపాకీ పైకి ఎగిరి, గురి చూసే అద్దాల గొట్టం కనుబొమ్మకి కొట్టుకుంది. రక్తం కంట్లోకి కారింది. దెబ్బ పెద్దది కాదు. కాని తలకి ఆ అదురు తగలగానే పుర్రె మీద పళ్లు గీసుకున్న చప్పుడు మళ్లీ వినబడింది. ఒడ్డున గులకరాళ్ల మీద కూలబడి, కడుపులోదంతా కక్కేశాడు. ఆ తరవాత పేల్చిన ప్రతిసారీ ట్రిగ్గర్ మీద వేలు పడకముందే ఒళ్లు బిగుసుకుపోయేది, కళ్లు మూతపడేవి. చేతిలో తుపాకీ ఉంటే ధైర్యం రావాలి కదా. ఆయనకి అరచేతులు చెమటలు పట్టేవి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతాడు? ఎలుగంటే భయం అంటే ఊరు ఒప్పుకుంటుంది. సొంత తుపాకీ అంటే భయం అంటే బాన్యాలో ఏడాది పొడుగునా అదే పాట.

వసంతపు వేట మొదలైంది. మంచు కరుగుతున్న కొండవాలు మీద వేటగాడొకడు పెద్ద మగ ఎలుగును కాల్చాడు. తగిలిందిగాని పడలేదు. మళ్లీ పొదలే. వేటగాణ్ణి ఎత్తైన బండ మీద కూర్చోబెట్టి, అఫోన్యా, బాబాయి దిగారు.

"నువ్వు రాకపోయినా పర్లేదు," అన్నాడు అఫోన్యా మెల్లిగా.

"ఎందుకు రాను? ఈసారి నా దగ్గర సరైన తుపాకీ ఉందిగా."

 ఇద్దరూ పొదల్లో అడుగుపెట్టారు. ఆకుల మీద రక్తం నల్లగా ఉంది. గాలి ఎటునుంచి వీస్తోందో తెలియడం లేదు. అఫోన్యా టోపీ ఒక్కటే కొమ్మల మధ్య కనబడుతోంది. ఉన్నట్టుండి ఆ టోపీ ఆగింది. దానికి ఎదురుగా కొమ్మలు కదిలాయి, ఎలుగు లేచింది. పదిహేను గజాలైనా ఉండదు. బాబాయి తుపాకీ ఎత్తాడు. ఆ తరవాత ఏం జరిగిందో ఆయన చూడలేదు, కళ్లు మూతపడ్డాయి. పెద్ద చప్పుడు, భుజం మీద దెబ్బ. వెంటనే పక్కనుంచి ఇంకో చప్పుడు, ఇంకొకటి. కళ్లు తెరిచేసరికి ఎలుగు అఫోన్యా బూట్లకి కాస్త దూరంలో మూతి నేలకానించి పడుకుని ఉంది.

తమ ముందున్న నాచు పెద్ద గుంటగా లేచిపోయి ఉంది. బాబాయి గుండు దిగింది అక్కడ, ఎలుగుకి బారెడు ఇవతల.

అఫోన్యా ఆ గుంటనీ, బాబాయినీ చూశాడు. సిగరెట్ నోట పెట్టుకుని, ముట్టించకుండానే తీసి జేబులో పెట్టేసుకున్నాడు. పైనుంచి వేటగాడు "పడిందా?" అని అరుస్తున్నాడు.

"పడింది!" అని కేకేశాడు అఫోన్యా. "ఇద్దరం కలిసి పడేశాం!"

 మర్నాడు పొద్దున్నే, బాబాయి వల కుట్టుకోవడానికి రేవుకి వెళ్లడం చూసి, అఫోన్యా బాబాయి ఇంటికి వచ్చాడు. ఉస్తీనియా పిన్ని చేపలకి ఉప్పు రాస్తోంది.

"వదినా, వాడు నాకు చెప్పడు. నువ్వడుగు."

"ఏమడగాలి?"

"కళ్లు మూసుకుని పేలుస్తున్నాడు. నిన్న నేను చచ్చేవాణ్ణి. వాడూ చచ్చేవాడు. ఎలుగు కంటే వాడికి ఆ తుపాకీ అంటే ఎక్కువ భయం. నేనడిగితే కొట్లాటవుతుంది. భయపడుతున్నావురా అని ఒక మగాడు ఇంకో మగాణ్ణి అడగ్గూడదు."

"పెళ్లాం అడగొచ్చేంటి?"

"నీ ఇష్టం. నాకైతే పిల్లలున్నారు, వాణ్ణి నా పక్కన పెట్టుకోలేను."

పిన్ని బాబాయిని ఏమీ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడని తెలుసు. అప్పటిదాకా ఆమె కూడా ఒక అబద్ధంతోనే బతుకుతోంది. ఆయన వేటకు వెళ్లిన ప్రతిరోజూ దేవుడి పటం ముందు కొవ్వొత్తి వెలిగించేది, ఎవరైనా తలుపు తడితే హెలికాప్టర్ మనుషులే అనుకునేది. ఆయన ఇంటికొచ్చేసరికి మాత్రం కొవ్వొత్తి ఆర్పేసి, ఏమీ ఎరగనట్టు టీ పెట్టేది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆయన్ని గులకరాళ్ల ఒడ్డుకి తీసుకెళ్లింది. రంగు డబ్బా మూతొకటి కట్టెకి కొట్టి దూరంగా పాతింది.

"నీ ఎడమచెయ్యి సరిగా లేదు కదా, తూటా నేను పెట్టిస్తాను. నువ్వు ఊరికే పేల్చు. ఎంత బాగా కాలుస్తావో నేనూ చూస్తా," అంది.

ఆయన పెట్టె మీద కూర్చుని, చెక్కముక్క మీద ముంజేయి ఆనించాడు. ఆమె వెనక్కి తిరిగి తూటా పెట్టి, బోల్టు మూసి ఇచ్చింది. మొదటిసారి పేల్చాడు. మూతకి తగల్లేదు. రెండోసారీ తగల్లేదు. మూడోసారి ఆమె పెట్టింది తూటా కాదు, పేల్చేసిన తూటా ఖాళీ గొట్టం.

ఆయన గురి చూశాడు. ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమని చిన్న చప్పుడు, అంతే. తుపాకీ పేలలేదు. కాని ఆయన ఒళ్లంతా ముందుకు ఎగిరిపడింది, తుపాకీ ముక్కు నేలకి వాలింది, తల మీద ఎవరో కొడుతున్నట్టు మెడ భుజాల్లోకి కుంచించుకుపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అలాగే ఉండిపోయాడు.

అల వచ్చి గులకరాళ్లని ఈడ్చుకుంటూ వెనక్కి పోయింది.

"ఎందుకిలా చేశావే?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"అఫోన్యా చెప్పాడు."

"వాడా? వాణ్ణి..."

"వాణ్ణేం చేస్తావు? వాడు ఊరందరికీ చెప్పలేదు, నాకు చెప్పాడు. నన్ను తిట్టుకో. కాని ముందు నాకొకటి చెప్పు. ఇది పట్టుకుని పొదల్లోకి ఎందుకెళ్తున్నావు?"

 అప్పుడు మొదటిసారి చెప్పాడు, పళ్ల చప్పుడు సంగతి, ప్రతి దెబ్బకీ అది వినబడటం సంగతి. "పెద్ద తూటా ఉంటే భయం పోతుందనుకున్నానే. ఇది చేతిలోకొచ్చాక రెండు భయాలయ్యాయి. ఎదురుగా అది, భుజాన ఇది." మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశాడు. పిన్ని ఆయన తలని, జుట్టున్న వైపు, తన పొట్టకి ఆనించుకుని నిలబడింది. తనకెంత భయమో ఆమె కూడా అప్పుడే చెప్పింది.

"వేట మానెయ్యి," అంది చివరికి.

"వేటగాళ్లతో వెళ్లడం మానేస్తాను. కాని జింకకి ఎలా మానను? తుపాకీ చప్పుడైతే చాలు, ఇక్కడ ఎలుగులు భోజనం గంట కొట్టినట్టు వస్తాయి. ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా."

"అయితే పేల్చినా నువ్వు కళ్లు మూసుకోనిది ఏదో అదే తెచ్చుకుందాం. ఎంత పెద్దదన్నది నాకక్కర్లేదు."

పై ఆదివారం అఫోన్యా వచ్చాడు. సిగ్గుతో ఇద్దరూ ముందు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. తరవాత అఫోన్యా దుప్పటి పరిచి, ఊళ్లో అడిగి తెచ్చిన తుపాకీలు దాని మీద వరసగా పెట్టాడు. ఒకటి ఆయన సొంత త్రీ-థర్టీ-ఎయిట్. ఒకటి పొట్టి గొట్టం, లావు తూటాల పాతకాలపుది. ఒకటి చర్చిలో పాటలు పాడే పెద్దాయనది, థర్టీ-ఫైవ్ వెలెన్.

త్రీ-థర్టీ-ఎయిట్ పేల్చి బాబాయి తల అడ్డంగా ఊపాడు. "ఇది కూడా కొడుతుంది. చెంపదెబ్బలా, చురుక్కున." లావు తూటాలది రెండోసారి ముట్టుకోలేదు. పెద్దాయనది పేల్చాక మాత్రం, "ఇంకొకటి ఇవ్వు," అన్నాడు. పిన్ని మధ్యలో ఖాళీ గొట్టం పెట్టింది. టక్కుమంది. తుపాకీ ముక్కు కొంచెం కదిలింది, అంతే.

"ఇది కొట్టదు, తోస్తుంది," అన్నాడు. "ఇరుకు తలుపు దగ్గర ఎవరో భుజంతో జరుపుతారే, అలాగ."

"అది నీ పాత థర్టీ-ఆట్-సిక్స్ తూటాయే," అన్నాడు అఫోన్యా. "అదే తూటా గొట్టం, దాని మెడ మాత్రం వెడల్పు చేసి లావు గుండు పెడతారు. నీ పాత రైఫిల్ గొట్టాన్నే లోపల తొలిపించుకోవచ్చు. కాకపోతే దూరం పోదు. రెండొందల గజాలు దాటితే గుండు బాగా కిందికి పడిపోతుంది."

"రెండొందల గజాల దూరంలో ఉన్న ఎలుగుతో నాకేం తగువు? నాకు కావలసింది బూట్ల దగ్గరికొచ్చేదానికి."

అఫోన్యా నవ్వాడు. బాబాయి కూడా నవ్వాడు. ఆ ఏడాదిలో ఆయన నవ్వగా చూడటం అదే మొదలని పిన్ని చెప్పింది.

పాత రైఫిల్ పట్నం వెళ్లి, లోపలి బోరు వెడల్పయ్యి తిరిగొచ్చింది. దాని మీదున్న అద్దాల గొట్టం తీయించేశాడు. వేసవంతా చేపలు పట్టి వచ్చి, వారానికోసారి ఒడ్డున కాల్చేవాడు. ప్రతిసారీ పిన్నే తూటాలు పెట్టేది, ఏది నిండుదో ఏది ఖాళీదో చెప్పకుండా. ఆగస్టుకి టక్కుమన్నా, ఢామ్మన్నా మొహం ఒకేలా ఉంటోంది. వేటగాళ్లతో ఇక రానని అఫోన్యాకి చెప్పేశాడు. అఫోన్యా ఇంకెవరినో పెట్టుకున్నాడు.

నవంబరులో బాబాయి, పిన్ని జింక కోసం పడవలో అఖాతం అవతలికి వెళ్లారు. తడి మంచు పడుతోంది. వాగు పక్కన పచ్చికలో బాబాయి జింకను కాల్చాడు. పిన్ని కత్తి తీసి పొట్ట కోస్తోంది, ఆయన పక్కనే నిలబడి చుట్టూ చూస్తున్నాడు. చేతులు రెండూ మోచేతుల దాకా రక్తంలో ఉండగా ఆమెకే ముందు వాసన తగిలింది.

"నికిఫోర్."

"చూశాను. లేవకు. కదలకు."

వాగు అవతలి గట్టు మీద ఎలుగు నిలబడి ఉంది. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. బాబాయి గట్టిగా కేకలు వేశాడు, "పో! పో!" అని. అది తల దించింది. చెవులు వెనక్కి పడ్డాయి. మరుక్షణం నీళ్లు చిమ్ముకుంటూ వాగులో ఉంది.

పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి పరిగెత్తాలని కాళ్లు లాగుతున్నాయి. పరిగెత్తితే వెంటపడుతుందని తెలుసు. జింక కాలు పట్టుకుని కూర్చుండిపోయింది, ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు. తల తిప్పి మొగుడి మొహం చూసింది. ఒళ్లంతా వణుకుతున్నాడు.  కాని కళ్లు తెరిచే ఉన్నాయి, కొవ్వొత్తుల్లా.

అది ఇవతలి గట్టు ఎక్కింది. ఢామ్. ఛాతీ మీద తడిబొచ్చు చిట్లినట్టయింది, ముందుకాళ్లు మడుచుకుని ముక్కు నేలకి కొట్టుకుంది, మళ్లీ లేచింది. బోల్టు లాగిన చప్పుడు. పక్కకి తిరుగుతుండగా భుజం వెనక ఇంకొకటి తగిలింది. గడ్డిలో దొర్లింది. కాలు ఒకటి చాలాసేపు ఆడి ఆగిపోయింది.

బాబాయి మూడో తూటా తోసి గురి దించలేదు. పిన్ని పిలిచినా వినబడలేదు. ఆమె రక్తపు చేతులతోనే వెళ్లి మోచెయ్యి పట్టుకుంటే అప్పుడు కిందికి దించాడు. ఇద్దరూ మంచులో కూలబడ్డారు.

"కొట్టిందా?" అంది పిన్ని, తుపాకీ చూపిస్తూ.

"ఏమో. గుర్తులేదు."

దగ్గరికి వెళ్లి చూస్తే ముసలి ఆడ ఎలుగు, పక్కటెముకలు తేలి, పళ్లు సగం అరిగిపోయి. ఆకలితో వచ్చింది. ప్రాణరక్షణకి చంపితే తోలూ తలా ఒలిచి వేట అధికారులకి అప్పజెప్పాలి. అక్కడే ఒలిచారు. పడవలోకి తోలు మోసేసరికి వెలుగు తగ్గిపోతోంది. జింక కోసం మళ్లీ ఆ పచ్చికలోకి వెళ్లే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

ఊరొచ్చాక అఫోన్యా అడిగాడు, "భయం పోయిందా ఇప్పుడు?"

"ఎక్కడ పోయింది? ఇంకా పెరిగింది," అన్నాడు బాబాయి. "వసంతంలో కళ్లు మూసుకున్నాను కాబట్టి దాన్ని చూళ్లేదు. ఈసారి మొత్తం చూశాను."

 అఫోన్యా తన జేబులోంచి సిగరెట్ తీసి ఆయనకిచ్చి, ముట్టించాడు.

మర్నాడు ముగ్గురూ కలిసి జింక కోసం పడవలో వెళ్లి చూశారు. జింక ఉన్న చోట తొక్కిన మంచు, ఇంకో ఎలుగు అడుగులు, కాస్త బొచ్చు మిగిలాయి. బాబాయి పడవ దిగనే లేదు. ఇంజన్ ఆపకుండా కూర్చుని, "ఎక్కండి, ఎక్కండి" అంటూ వాళ్లని తొందరపెట్టాడు. ఆ చలికాలం ఇక జింకకి వెళ్లలేదు, వాళ్లింట్లో ఎండుచేపే తిన్నారు.